రెండేళ్లకే ఫార్మసీ సీటు వచ్చింది, డిగ్రీ సంగతేంటి?

ప్రశ్న: నమస్కారమండీ. మేం టెక్సస్‌లో డాలస్ దగ్గర ఉంటాం. మా అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది. స్టేట్ యూనివర్సిటీలో బయాలజీ రెండో ఏడు చదువుతోంది. జీపీఏ 3.4. ఫార్మసీ స్కూళ్లు అడిగే కోర్సులన్నీ ఈ మే నెలకు అయిపోతాయి. ఒక ప్రైవేటు ఫార్మసీ స్కూలు, అప్లై చేసిన రెండు వారాలకే సీటిచ్చి ఆగస్టులో చేరమంటోంది. రెండేళ్లు, రెండేళ్ల ఫీజు కలిసొస్తాయి కదా, చేరిపోతానంటోంది అమ్మాయి. మావారేమో "చేతిలో డిగ్రీ లేకుండా పై చదువేంటి, ముందు బ్యాచిలర్స్ పూర్తి చెయ్యి" అంటున్నారు. తెనాలిలో మా మామగారైతే ఫోన్ చేసినప్పుడల్లా "మనవరాలి డిగ్రీ ఎప్పుడైపోతుందమ్మా" అని అడుగుతారు. రోజూ భోజనాల దగ్గర ఇదే గొడవ. అమ్మాయి ఇంతవరకూ ఫార్మసీలో ఎక్కడా పని చెయ్యలేదు. మందులంటే, కెమిస్ట్రీ అంటే ఇష్టం. ఎవరి మాట వినాలో తెలియక నాకు టెన్షన్‌గా ఉంది. మీరైతే ఏం చేస్తారు?
ఒక తల్లి, టెక్సస్

జవాబు:

అమ్మా, మీ మామగారి దగ్గర మొదలుపెడదాం. తెనాలిలో ఇంటర్ బైపీసీ అయిన పిల్లవాడు ఎంబీబీఎస్‌లో చేరితే "ముందు బీఎస్సీ పూర్తి చేశావా" అని ఎవరైనా అడుగుతారా? అడగరు. ఇక్కడ ఫార్మసిస్టు కావడానికి చదివే ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) కూడా అలాంటిదే. కాకపోతే ఇంటర్ తర్వాత కాకుండా, కాలేజీలో కనీసం రెండేళ్ల కోర్సులు చేశాక మొదలవుతుంది. జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, బయాలజీ, అనాటమీ ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, కాల్‌క్యులస్, స్టాటిస్టిక్స్, కొంచెం ఇంగ్లీషు, ఒక స్పీచ్ క్లాసు. ఇవి అయ్యాక నాలుగేళ్ల ఫార్మ్‌డీ. మధ్యలో బ్యాచిలర్స్ పట్టా ఉండి తీరాలని చాలా స్కూళ్లలో రూలేమీ లేదు. న్యూజెర్సీలో రట్గర్స్ లాంటి చోట్ల హైస్కూల్ నుంచే నేరుగా ఆరేళ్ల ప్రోగ్రాంలో తీసుకుంటారు. ఆ పిల్లలెవరూ "డిగ్రీ లేనివాళ్లు" అయిపోలేదు.

లైసెన్సు విషయానికొస్తే, ఏసీపీఈ (ఫార్మసీ చదువులకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న స్కూల్లో ఫార్మ్‌డీ పాసవ్వాలి, నాప్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష పాసవ్వాలి, ఫార్మసీ చట్టాల పరీక్ష పాసవ్వాలి, ఇంటర్న్‌గా గంటలు పూర్తి చెయ్యాలి. బ్యాచిలర్స్ ఉందా అన్న గడి ఆ ఫారంలో ఉండదు. నేను పనిచేసే హాస్పిటల్‌లో చాలా ఏళ్లుగా కొత్త ఫార్మసిస్టుల ఇంటర్వ్యూల్లో కూర్చుంటున్నాను. "మీ బయాలజీ డిగ్రీ గురించి చెప్పండి" అని ఒక్కసారి కూడా అడగలేదు, పక్కన కూర్చున్నవాళ్లు అడగ్గా వినలేదు. రెసిడెన్సీకి, అంటే ఫార్మ్‌డీ తర్వాత హాస్పిటల్‌లో ఇచ్చే శిక్షణకు తీసుకునేవాళ్లు చూసేది కూడా ఫార్మ్‌డీ మార్కులు, రొటేషన్లలో (చదువులో భాగంగా హాస్పిటళ్లలో, షాపుల్లో చేసే శిక్షణలో) పని ఎలా చేసింది, ప్రొఫెసర్లు ఏం రాశారు, ఇవే.

అలాగని మీవారి భయం ఊరికే పుట్టింది కాదు. మన తరానికి ఫార్మసీ అంటేనే బ్యాచిలర్స్. ఇక్కడ కూడా ఒకప్పుడు అయిదేళ్ల బీఎస్ ఫార్మసీ ఉండేది. 2000 తర్వాత దాన్ని ఎత్తేసి, ఫార్మసిస్టు కావాలంటే ఫార్మ్‌డీ ఒక్కటే దారి అన్నారు. నేను 1999లో బి.ఫార్మసీ పట్టాతో వచ్చి, ఎఫ్‌పీజీఈఈ (విదేశాల్లో ఫార్మసీ చదివినవాళ్లకు ఇక్కడ పెట్టే పరీక్ష) రాసి, ఒక మందుల షాపులో ఇంటర్న్‌గా సీసాలు తుడవడంతో మొదలుపెట్టాను. అప్పట్లో నా పక్కన పనిచేసిన తెల్లజుట్టు ఫార్మసిస్టులందరూ బీఎస్ వాళ్లే. (ఇండియా నుంచి ఉత్తరాలు రాసేవాళ్ల కోసం ఒక మాట: ఆ దారి ఇప్పుడు మూసేశారు. 2003 జనవరి 1 తర్వాత పాసైనవాళ్లు ఎఫ్‌పీజీఈఈ రాయాలంటే అయిదేళ్ల ఫార్మసీ చదువు ఉండాలి. మన నాలుగేళ్ల బి.ఫార్మసీ సరిపోదు. 2008లో మన దగ్గర మొదలైన ఆరేళ్ల ఫార్మ్‌.డి చేసినవాళ్లకు అర్హత ఉంది. నెలకొకరైనా ఇదే అడుగుతున్నారు, అందుకే రాశాను.)

కాబట్టి ఫార్మసిస్టు అవ్వడానికి డిగ్రీ అక్కర్లేదు. అయితే ఆగస్టులో చేర్చేయమంటారా అని అడిగితే, వద్దంటాను. ఎందుకో చెప్పాలంటే మా ఇంట్లో జరిగింది చెప్పాలి.

మా అక్క కూతురు పదేళ్ల కిందట సరిగ్గా మీ అమ్మాయి ఉన్న చోటే ఉంది. రెండేళ్లు అయ్యాయి, సీటొచ్చింది. అక్క నన్నడిగింది. నేను ఫార్మసిస్టుని కదా, నా మాటకు విలువెక్కువ. "రెండేళ్లు వేస్టెందుకు, చేర్చెయ్యి" అన్నాను. ఇప్పుడు పైన మీకు చెప్పినవన్నీ అప్పుడు అక్కకీ చెప్పాను, అన్నీ నిజాలే. పిల్ల చేరింది. మొదటి ఏడు ఎలాగో గట్టెక్కింది. రెండో ఏడు ఫార్మకోకైనెటిక్స్ (మందు ఒంట్లో ఎలా కదులుతుందో చెప్పే కోర్సు) పోయింది. ఫార్మసీ స్కూల్లో ఒక కోర్సు పోతే వచ్చే సెమిస్టర్‌లో రాసుకోవచ్చు అనుకుంటాం మనం. అక్కడ చాలా కోర్సులు ఏడాదికి ఒక్కసారే చెబుతారు. ఒక్కటి తప్పితే ఏడాది ఆగాలి. ఆ ఆగిన ఏడాదిలో పిల్లకి అసలు విషయం తెలిసొచ్చింది. తనకు ఈ పనే ఇష్టం లేదని. ఫార్మసీ కౌంటర్ వెనక నిలబడాలంటేనే కడుపులో తిప్పేస్తోందని ఏడ్చింది. మానేసింది.

అప్పటికి కాలేజీలో చేరి నాలుగేళ్లు దాటింది. చేతిలో ఏముంది? ఒక పట్టా లేదు. అప్పు మాత్రం ఉంది. పాత యూనివర్సిటీకి తిరిగి వెళితే ఫార్మసీ స్కూలు క్రెడిట్లలో సగం కూడా తీసుకోలేదు. ప్రొఫెషనల్ కోర్సులు మా డిగ్రీ కోర్సులతో సరిపోలవన్నారు. వెళ్లిపోయేటప్పుడు ఎవరితోనూ మాట్లాడుకోలేదు, కాగితం మీద ఏమీ రాయించుకోలేదు. మరో మూడు సెమిస్టర్లు చదివితే గానీ బయాలజీ డిగ్రీ రాలేదు. ఇప్పుడు క్లినికల్ రీసెర్చ్‌లో హాయిగా ఉందనుకోండి. కానీ ఆ ఉద్యోగాల ప్రకటనల్లో మొట్టమొదటి లైను ఏంటో తెలుసా? "బ్యాచిలర్స్ డిగ్రీ ఉండాలి." అక్క నన్నేమీ అనలేదు. ఆ పిల్లా అనలేదు. అదే నాకు ఎక్కువ ఇబ్బంది.

మీవారు దీన్నే మరోలా చెబుతున్నారు. బ్యాచిలర్స్ పట్టా ఫార్మసిస్టు అయ్యే అమ్మాయికి పెద్దగా పనికిరాదు. ఫార్మసిస్టు కాకుండా మధ్యలో తిరిగొచ్చే అమ్మాయికి పనికొస్తుంది. ఇరవై ఏళ్ల వయసులో ఎవరు ఏ అమ్మాయి అవుతారో మీకూ తెలియదు, నాకూ తెలియదు, ఆ పిల్లకీ తెలియదు.

తెలుసుకోవడానికి ఒక మార్గం ఉంది, దాన్ని మీ ఇంట్లో ఎవరూ వాడలేదు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే గుచ్చుకున్న ముక్క ఇదే: "ఫార్మసీలో ఎక్కడా పని చెయ్యలేదు." కెమిస్ట్రీ ఇష్టం అంటున్నారు. అమ్మా, కెమిస్ట్రీ ఇష్టమైనవాళ్లు కెమిస్టులవ్వాలి. మందుల షాపులో రోజంతా కెమిస్ట్రీ ఉండదు. ఇన్సూరెన్సు క్లెయిమ్ రిజెక్టయితే ఎందుకయిందో ఫోన్లో నలభై నిమిషాలు వెయిట్ చెయ్యడం ఉంటుంది. "పది నిమిషాల్లో ఇస్తానన్నారు కదా" అని డ్రైవ్-త్రూలో హారన్ కొట్టేవాళ్లుంటారు. ఒక చేత్తో వ్యాక్సిన్ వేస్తూ, డాక్టరు ఆఫీసుకు ప్రయర్ ఆథరైజేషన్ (ఇన్సూరెన్సు ముందస్తు అనుమతి) ఫ్యాక్సు పంపించారా లేదా అని టెక్నీషియన్‌ని అరుస్తూ అడగడం ఉంటుంది. చాలా షాపుల్లో ఎనిమిది నుంచి పన్నెండు గంటలు నిలబడే ఉంటాం. ఇదంతా నాకు నచ్చింది కాబట్టి పాతికేళ్లుగా ఈ రంగంలో ఉన్నాను. వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా వాడే మందు) వేసుకుంటున్న ఒక పెద్దాయనకు ఎవరో రాసిన, దానితో పడని కొత్త యాంటీబయాటిక్ చూసి, డాక్టర్‌కి ఫోన్ చేసి మార్పించిన రోజు సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు ఉండే తృప్తి వేరు. కానీ ఆ తృప్తి అందరికీ రాదు. హారన్లు మాత్రం అందరికీ వినిపిస్తాయి.

అందుకని ఈ వేసవిలో అమ్మాయిని ఫార్మసిస్టుకు సాయం చేసే టెక్నీషియన్ ట్రైనీగా పనిలో పెట్టండి. టెక్సస్‌లో దానికి స్టేట్ బోర్డ్ ఆఫ్ ఫార్మసీ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. హైస్కూల్ పాసై ఉంటే చాలు, ఫింగర్‌ప్రింట్లు ఇవ్వాలి, కొంత ఫీజు ఉంటుంది. అప్రూవల్ రావడానికి టైం పడుతుంది కాబట్టి ఇప్పుడే పెట్టుకోమనండి. జీతం తక్కువే, పట్టించుకోవద్దు. వీలైతే నెల రోజులు షాపులో, తర్వాత హాస్పిటల్ ఫార్మసీలో. రెండూ వేర్వేరు లోకాలు. పని చేస్తున్నప్పుడు ఫార్మసిస్టుల్ని ఒక్కటే అడగమనండి: మళ్లీ ఇరవై ఏళ్ల వయసు వస్తే ఇదే చదువుతారా అని. వచ్చే జవాబులు చాలా రకాలుగా ఉంటాయి. విననివ్వండి.

ఇక ఆ సీటు గురించి. రెండు వారాల్లో సీటిచ్చారంటే తల్లిగా మీకు గర్వంగానే ఉంటుంది. నన్ను మాత్రం తిట్టుకోకండి. మన దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలు వీధికొకటి వచ్చాక ఏం జరిగిందో గుర్తుందా? ఎంసెట్ రాసిన పిల్లవాడి ఇంటికి పీఆర్వోలు స్వీట్ బాక్సులు పట్టుకుని వచ్చేవారు. అంత హడావిడి కాదు గానీ, ఇక్కడి ఫార్మసీలో కూడా ఆ గాలి కొంచెం తగిలింది. 2000 ప్రాంతంలో అమెరికా మొత్తం మీద దాదాపు 80 ఫార్మసీ స్కూళ్లుండేవి, ఇప్పుడు 140 దాటాయి. అదే సమయంలో అప్లై చేసే పిల్లలు బాగా తగ్గిపోయారు. పీక్యాట్ అనే ప్రవేశ పరీక్షను కూడా 2024 జనవరితో ఆపేశారు. ఒకప్పుడు డిగ్రీ ఉంటే పోటీలో ఒక మెట్టు పైన ఉండేవాళ్లం. ఇప్పుడు చాలా స్కూళ్లలో ఆ పోటీయే లేదు. కనుక ఇప్పుడు చూడాల్సింది మన అమ్మాయికి సీటొస్తుందా లేదా అన్నది కాదు. ఆ స్కూలు మన అమ్మాయిని చివరిదాకా తీసుకెళ్తుందా అన్నది.

అది తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ప్రతి స్కూల్లో మొదటిసారి నాప్లెక్స్ రాసినవాళ్లలో ఎంతమంది పాసయ్యారో ఆ పరీక్ష పెట్టే ఎన్‌ఏబీపీ ఏటా బయటపెడుతుంది. చేరినవాళ్లలో నాలుగేళ్లకే పూర్తి చేసినవాళ్లు ఎంతమంది అన్న లెక్క స్కూళ్ల వెబ్‌సైట్లలో ఉంటుంది. 2022 నుంచి 2024 దాకా దేశం మొత్తం మీద మొదటిసారి రాసినవాళ్లలో ఇంచుమించు అయిదుగురిలో ఒకరు తప్పారు. కొన్ని స్కూళ్లలో నూటికి తొంభైమందికి పైనే పాసవుతుంటే, కొన్నిచోట్ల సగానికి కాస్త పైన మాత్రమే. సీటిచ్చిన స్కూలుకి మూడేళ్ల లెక్కలు తీసి ఒక కాగితం మీద రాయండి. అదే కాగితం మీద ఆస్టిన్‌లో యూటీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్), హ్యూస్టన్ యూనివర్సిటీ, టెక్సస్ ఏ అండ్ ఎం, టెక్సస్ టెక్, ఫోర్ట్‌వర్త్‌లో యూఎన్‌టీ హెల్త్ సైన్స్ సెంటర్‌వి కూడా రాయండి. మీరు టెక్సస్‌లోనే ఉంటున్నారు, పబ్లిక్ స్కూళ్లలో ఇన్-స్టేట్ ఫీజు పడుతుంది. ఆ కాగితం మీవారి ముందు, అమ్మాయి ముందు పెట్టండి. సగం గొడవ అక్కడే తగ్గుతుంది.

డబ్బు లెక్క కూడా చూద్దాం, ఎందుకంటే అమ్మాయి వాదన అంతా దానిమీదే ఉంది, అది తప్పుడు వాదన కాదు. ప్రభుత్వ కార్మిక గణాంకాల ప్రకారం 2023లో ఫార్మసిస్టుల మధ్యస్థ జీతం ఏడాదికి దాదాపు 1,36,000 డాలర్లు. రెండేళ్లు ముందే సంపాదన మొదలైతే టాక్సులు పోకముందు రెండున్నర లక్షల పైమాటే. దానికి రెండేళ్ల కాలేజీ ఖర్చు కలపండి. పెద్ద మొత్తమే. కానీ ఇది అంతా అనుకున్నట్టు జరిగితే వచ్చే మొత్తం. ప్రైవేటు ఫార్మసీ స్కూళ్లలో ఏడాది ట్యూషనే 40,000 డాలర్లు దాటడం మామూలు విషయం. ఒక్క కోర్సు తప్పి ఒక్క ఏడాది వెనకబడితే, మిగిల్చుకున్న ఏడాది సంపాదనా పోతుంది, పైగా ఖర్చు. హాస్పిటల్‌లో క్లినికల్ పని కావాలంటే ఇంకో ఏడాది రెసిడెన్సీ చెయ్యాలి, అందులో వచ్చేది మామూలు జీతంలో సగం కూడా ఉండదు. మరో సంగతి, ఉద్యోగాలు ఇదివరకటిలా ఎదురొచ్చి పిలవడం లేదు. రైట్ ఎయిడ్ 2025లో పూర్తిగా మూతపడింది, సీవీఎస్, వాల్‌గ్రీన్స్ వందల కొద్దీ షాపులు మూసేశాయి. ఫార్మసిస్టులకు పనే లేదని కాదు నా ఉద్దేశం. హాస్పిటళ్లలో, స్పెషాలిటీ ఫార్మసీల్లో, కంపెనీల్లో పని ఉంది. అయితే 2005 ప్రాంతంలో లాగా చేరితే కారు బోనస్ ఇచ్చే రోజులు పోయాయి.

అప్పు విషయంలో ఒక కొత్త రూలు కూడా ఉంది. 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోన్లు లేవు. ఫార్మసీ లాంటి ప్రొఫెషనల్ కోర్సులకు ఫెడరల్ లోను ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం మీద 2,00,000 దాటకూడదు. ఫీజు, ఇంటద్దె, తిండి కలిపి ఏడాదికి అంతకంటే ఎక్కువైతే మిగతాది ప్రైవేటు లోను, అంటే మీరో మీవారో సంతకం పెట్టాల్సిన లోను. ఆ స్కూలు వాళ్ల "కాస్ట్ ఆఫ్ అటెండెన్స్" (ఏడాదికయ్యే మొత్తం ఖర్చు) కాగితం అడిగి తీసుకుని ఆ అంకె చూడండి.

ఇప్పుడు నేనైతే ఏం చేస్తానో చెబుతాను. రెండేళ్లూ కాదు, నాలుగేళ్లూ కాదు, మూడు.

టెక్సస్‌లో బ్యాచిలర్స్‌కు 120 క్రెడిట్ గంటలు కావాలి. మూడో ఏడు పూర్తయ్యేసరికి మీ అమ్మాయికి దాదాపు 90 వస్తాయి. మిగిలిన 30 గంటలకు ఫార్మ్‌డీ మొదటి ఏడాది కోర్సుల్ని లెక్కేసుకుని బ్యాచిలర్స్ ఇచ్చే యూనివర్సిటీలు చాలా ఉన్నాయి. కొన్నిచోట్ల దీన్ని ప్రొఫెషనల్ స్కూలుకి వెళ్లేవాళ్ల కోసం ప్రత్యేకమైన ఏర్పాటుగా పెట్టారు. కొన్ని ఫార్మసీ స్కూళ్లు తామే మధ్యలో ఒక బ్యాచిలర్స్ పట్టా ఇస్తాయి. అంటే ఒక్క ఏడాది ఎక్కువ పెడితే, ఫార్మసీ మొదటి ఏడు అయిపోయేసరికి చేతిలో డిగ్రీ ఉంటుంది. మీవారికి కావలసింది అదే. అమ్మాయికి కావలసిన రెండేళ్లలో ఒక ఏడు మిగులుతుంది. మా అక్క కూతురికి అప్పుడు ఈ సంగతి చెప్పి ఉంటే బాగుండేది. నాకే తెలియదు.

అయితే ఇది దానంతటది జరగదు. వెళ్లేముందే మాట్లాడుకోవాలి. అమ్మాయిని తన డిపార్ట్‌మెంట్ అకడమిక్ అడ్వైజర్ దగ్గరకు వెళ్లమనండి. "మూడేళ్ల తర్వాత ఫార్మసీకి వెళితే, అక్కడి మొదటి ఏడాది క్రెడిట్లు ఇక్కడికి ట్రాన్స్‌ఫర్ చేసుకుని బయాలజీ డిగ్రీ ఇస్తారా, దానికి ఏ కోర్సులు ఇక్కడే పూర్తి చెయ్యాలి" అని అడగమనండి. జవాబు ఈమెయిల్‌లో తీసుకోమనండి, నోటిమాట కాదు. మేజర్‌లో కావలసిన పై స్థాయి కోర్సుల దగ్గర సాధారణంగా చిక్కొస్తుంది. మొత్తం గంటల్లో కనీసం నాలుగో వంతు డిగ్రీ ఇచ్చే యూనివర్సిటీలోనే చేసి ఉండాలన్న నిబంధన ఉంటుంది, అది మీ అమ్మాయికి ఎలాగూ అయిపోతుంది. ఇంకొకటి ఇక్కడి పిల్లలు మర్చిపోయేది: టెక్సస్‌లో ఏ బ్యాచిలర్స్‌కైనా అమెరికా చరిత్ర ఆరు గంటలు, గవర్నమెంట్ ఆరు గంటలు చట్టం ప్రకారం ఉండి తీరాలి. ఫార్మసీ స్కూళ్లలో కొన్ని వీటిని అడగవు, అందుకని పిల్లలు వీటిని వదిలేసి కెమిస్ట్రీ ల్యాబుల వెంట పరిగెడతారు. ఆ నాలుగు కోర్సులు మిగిలి ఉంటే కమ్యూనిటీ కాలేజీలో వేసవిలో చవకగా చేసేయొచ్చు.

ఆ మూడో ఏడాదిని వేస్టు చెయ్యకూడదు. బయోకెమిస్ట్రీ, ఇమ్యునాలజీ, వీలైతే ఫిజియాలజీ పై స్థాయి కోర్సు తీసుకోమనండి. ఫార్మ్‌డీ మొదటి ఏడు పిల్లల్ని దెబ్బతీసేది ఇక్కడే. ముందే ఒకసారి చదివినవాళ్లకు ఊపిరాడుతుంది. వారానికి పది పన్నెండు గంటలు టెక్నీషియన్ పని కూడా సాగనివ్వండి.

సీటిచ్చిన స్కూలుకి ఏం చెప్పాలి? ఒక ఏడాది వాయిదా ఇస్తారా అని మర్యాదగా ఒక మెయిల్ రాయమనండి. కొన్ని స్కూళ్లు ఇస్తాయి. ఇవ్వకపోతే వచ్చే ఏడాది ఫార్మ్‌క్యాస్‌లో (ఫార్మసీ స్కూళ్లకు ఉమ్మడిగా అప్లై చేసే వెబ్‌సైటులో) మళ్లీ అప్లై చెయ్యడమే. 3.4 జీపీఏ, ఏడాది ఫార్మసీ అనుభవం ఉన్న అమ్మాయికి ఈ రోజుల్లో సీటు రాకపోవడం అనేది ఉండదు, ఇంకా మంచి చోట వచ్చే అవకాశమే ఎక్కువ. డిపాజిట్ కింద కొన్ని వందల డాలర్లు కట్టేసి ఉంటే పోనివ్వండి. ఆ డబ్బు కోసం నాలుగేళ్ల నిర్ణయం తీసుకోవద్దు. "ఈ శుక్రవారంలోగా చెప్పాలి" అని తొందరపెడితే ఆ తొందర ఎవరి అవసరమో ఒకసారి ఆలోచించండి.

నా మాట తప్పయ్యే సందర్భాలూ ఉన్నాయి. మీ అమ్మాయి ఇప్పటికే రెండేళ్లు ఫార్మసీలో పనిచేసి, అయినా ఇదే కావాలి అని ఉంటే, సీటు యూటీ ఆస్టిన్ లాంటి చోట వచ్చి ఉంటే, నేనే మీవారితో ఫోన్లో మాట్లాడి ఆగస్టులో చేర్పించేవాణ్ణి. అలా కాకుండా మనసులో ఏ మూలనో "మెడిసిన్ కూడా ట్రై చేద్దామా", "పీఏ (ఫిజీషియన్ అసిస్టెంట్) అయితే ఎలా ఉంటుంది" అన్న ఊగిసలాట ఉంటే మాత్రం నాలుగేళ్లూ పూర్తి చెయ్యమంటాను. ఆ దారులన్నిటికీ బ్యాచిలర్స్ దాదాపుగా తప్పనిసరి, ఫార్మసీలో సగం దూరం వెళ్లి వెనక్కి రావడం వాటికి అప్లై చేసేటప్పుడు బాగా కనబడదు. పీహెచ్‌డీ వైపు, మందుల కంపెనీల్లో ల్యాబ్ రీసెర్చ్ వైపు మనసు లాగుతుంటే అసలు ఫార్మ్‌డీ అవసరమా అని కూడా అడగాలి. కెమిస్ట్రీ ఇష్టం అన్నారు కదా, ఆ ప్రశ్న మీ ఇంట్లో ఒకసారి బయటికి రావాలి. అడిగేది మాత్రం మీవారు కాకుండా మీరైతే మంచిది. నాన్న అడిగితే పరీక్షలా ఉంటుంది, అమ్మ అడిగితే కబుర్లలా ఉంటుంది.

మీకు వర్తించదు గానీ, ఇది చదివే ఇళ్లలో చాలామందికి వర్తించేది ఒకటుంది. పిల్లలు హెచ్-4 (హెచ్-1బీ మీద పనిచేసేవాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉంటే లెక్కలన్నీ మారిపోతాయి. వాళ్లకు ఫెడరల్ లోన్లు రావు, పని చెయ్యడానికి వీల్లేదు కాబట్టి టెక్నీషియన్ ఉద్యోగమూ కుదరదు, ఇరవై ఒకటో పుట్టినరోజుకు స్టేటస్ ఎఫ్-1కి (స్టూడెంట్ వీసాకి) మార్చుకోవాలి. ఆరేళ్ల చదువు మధ్యలో ఆ పుట్టినరోజు ఎక్కడ పడుతుందో చూసుకుని, యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుతోనూ ఇమిగ్రేషన్ లాయరుతోనూ మాట్లాడాకే రెండా, మూడా, నాలుగా అన్నది తేల్చుకోండి. పని చెయ్యలేకపోయినా హాస్పిటల్‌లో వాలంటీర్‌గా, ఫార్మసిస్టు వెనక నాలుగు రోజులు నిలబడి చూసే అవకాశం అడిగితే చాలాచోట్ల ఇస్తారు.

మీ మామగారికి ఈ ఆదివారం ఫోన్లో చెప్పండి: ఇంకో రెండేళ్లలో మనవరాలి డిగ్రీ అయిపోతుంది, అది అయ్యేసరికే ఫార్మసీలో ఒక ఏడు కూడా పూర్తయి ఉంటుంది అని. ఆయన లెక్క ఆయనకు సరిపోతుంది.

ఈ వారంలో చెయ్యాల్సినవి మాత్రం అడ్వైజర్ అపాయింట్‌మెంటు, ట్రైనీ రిజిస్ట్రేషను. వేసవి అయ్యాక, ఆగస్టులో మీరు కాదు, అమ్మాయినే నాకు రాయమనండి. కౌంటర్ వెనక మూడు నెలలు నిలబడ్డాక ఏమనిపించిందో వినాలని ఉంది. తెలుగు రాయడం రాకపోతే ఇంగ్లీషులోనే రాయమనండి, పర్లేదు.